గ్రైండర్‌కు ఆగ్నేయం మూల

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి. మనవరాలు పలక పట్టిన ఏడాదే నేనూ అక్షరాలు దిద్దాను, అందుకే ఒక్కో మాట రాయడానికి ఆలస్యమవుతుంది. ఎక్కడైనా ఒత్తు జారితే సర్దుకుని చదవండి. కథ మాత్రం జారనివ్వను.

ఇస్నాపూర్‌లో మా ఎదురింటి కనకమహాలక్ష్మి దోసెల పిండి అంటే తెలియనివాళ్లు మా వీధిలో లేరు. ఆమె భర్త బాపిరాజు భీమవరం వైపు నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉండే ఫ్యాక్టరీ వాళ్లు డ్యూటీ దిగి డబ్బాలతో ఆమె గుమ్మం ముందు నిలబడతారు. ఎవరికి పులిసిన పిండి కావాలో, ఎవరికి కమ్మగా కావాలో డబ్బా చూసే చెప్పగలదామె.

అలాంటి ఇంట్లో గ్రైండర్ ఆగిపోయింది. పాడై కాదు. వంటింటికి కొత్త కబోర్డులు చేయించుకున్న సంబరంలో గ్రైండర్‌కు పాయింటు సంగతే మరిచిపోయారు. ఉన్న పాయింటు కాస్తా కబోర్డు వెనక్కి పోయింది. కనకమహాలక్ష్మి హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కుని తడి నేల మీదే రుబ్బుతుంటే ఒకరోజు చెయ్యి జివ్వుమంది. బాపిరాజు చూడనే చూశాడు. ప్లగ్గు పీకి, గ్రైండర్ మీద దుప్పటి కప్పి, కబోర్డులో సరైన పాయింటు పడేదాకా ఈ ఇంట్లో పిండి లేదని తేల్చేశాడు.

కర్దనూర్ నుంచి ఓదెలు అనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పాయింటు ఎక్కడ కావాలంటే ఆమె ఆగ్నేయం మూల, పొయ్యి కింది కబోర్డు చూపించింది. కరెంటు కూడా అగ్నే కదా, దాని చోటు అదేనని ఆమె నమ్మకం. ఓదెలు తలుపు తీశాడు. లోపల ఎర్రటి గ్యాస్ సిలిండర్ కూర్చుని ఉంది. తీసిన చేత్తోనే తలుపు మూసేశాడు.

“గీడ పెట్టనమ్మా. గ్యాస్ లీకైతే పైకి పోదు, గీ డబ్బలనే కిందికి కూసుంటది. గప్పుడు నువ్వు స్విచ్చేస్తే పిండి గాదు, ఇల్లే రుబ్బుతది.”

బియ్యం డ్రమ్ము ఉండే పొడుగు కబోర్డు అయితే అటు పొయ్యికీ ఇటు సింకుకూ దూరం, అందులో పెడతానన్నాడు. అది నైరుతి. కనకమహాలక్ష్మి చెంపలు వేసుకుంది.

“నైరుతిలో నిప్పు పెడితే ఇంటి పెద్దకు చేటయ్యా. ఆ పెద్ద ఎవరనుకున్నావు? అదిగో, పేపరు చదువుతున్నాయన.”

పేపరు వెనక నుంచి బాపిరాజు అన్నాడు: “సిలిండరు పక్కన పెడితే ఇంకా తొందరగా పోతాను లక్ష్మీ.”

ఓదెలు నవ్వుకుంటూ సామాను సర్దుకున్నాడు. ఏ మూలో తేలాక ఫోన్ చేయమని బండెక్కాడు.

మూల తేలలేదు. గుమ్మం ముందు డబ్బాలు పలచబడ్డాయి. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే రేఖ మాత్రం ఖాళీ డబ్బాతో వచ్చి మెట్ల మీద కూర్చుంది.

“దుకాణంల పిండి ప్యాకెట్ తెచ్చిన ఆంటీ. దోసె పెనం ఇడుస్తనే లేదు, నన్ను జూసి భయపడ్డట్టు. మా పక్క రూంల పోరగాండ్లు దానికే అలవాటు పడ్తున్నరు.”

ఆ చివరి మాట కనకమహాలక్ష్మి గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్లుగా తన చేతి రుచి మరిగిన నాలుకలు అవి. తప్పంతా ఆ మూలదేనని రేఖకు మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

రేఖ వింత చూసినట్టు చూసింది. “మాకున్నదే ఒక్క రూం. అండ్లనే ఆగ్నేయం సూసుకొని పొయ్యి పెట్టుకున్నం. ఎంత జాగ ఉంటే గంతట్లనే మూలలు గద ఆంటీ.”

కనకమహాలక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్లింది. పొడుగు కబోర్డు తలుపులు బార్లా తెరిచి చూస్తూ నిలబడింది. ఒక్క గదికి నాలుగు మూలలుంటే ఈ పెట్టెకు మాత్రం ఉండవా? దీని ఆగ్నేయం దీనికి లేదా?

ఆమె పిలిస్తే బాపిరాజు ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని కబోర్డులో తల దూర్చాడు. ముల్లు కల్లు తాగినట్టు ఊగింది. లోపలున్న ఇనుప బియ్యం డ్రమ్ము వల్లనేమోనని అనుమానం వచ్చి, ఇద్దరూ కలిసి దాన్ని బయటికి ఈడ్చాక గానీ నిలవలేదు. వెనక గోడకు ఎడమ చేతి మూల ఆగ్నేయమని తేలింది. అక్కడ ఆమె పెన్సిల్‌తో గుర్తు పెట్టింది.

ఓదెలు మళ్లీ వచ్చి ఆ గుర్తు చూసి, సిలిండరు లేకుంటే ఏ మూలైనా తనకు ఒకటేనన్నాడు. కానీ అతని పట్టుదలలు అతనికున్నాయి. మెయిన్ డబ్బా నుంచి గ్రైండర్‌కని వేరే లావు వైరు, ఎర్త్ వైరుతో సహా పైపులో నిటారుగా దించాడు. కొత్త తలుపుల అందం చెడుతుందని ఆమె స్విచ్చి లోపల పెట్టమంది. ఆపదలో చేతికి అందాలని అతను బయటే పెట్టాడు. గ్రైండర్‌ను సొరుగులా జారే పలక మీద నిలబెట్టి, తడవని చేతులతో పలక ముందుకు లాగి, తలుపులు తెరిచి ఉంచే తిప్పాలని, మూసి తిప్పితే మోటారు వేడెక్కుతుందని చెప్పాడు.

చివరికి మెయిన్ దగ్గర కొత్త సేఫ్టీ స్విచ్చి బిగించి, పనిచేస్తుందో లేదో చూడ్డానికి దాని మీది బటన్ నొక్కాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. కొంప ముంచావు కదయ్యా అని ఆమె తల పట్టుకుంది.

“గిట్ల పడాలెనమ్మా. మొన్న నీ చెయ్యి జివ్వుమన్నప్పుడు ఇది ఉంటే, గప్పుడే పడి కరెంటు బందయితుండె.”

ఆమె పళ్లెంలో తడి పసుపు, కుంకుమ తెచ్చి నేరుగా పాయింటు వైపు వేలు చాచింది. ఓదెలు పళ్లేనికి అడ్డం నిలబడ్డాడు. “తలుపుకు పెట్టమ్మా, పాయింటుకు గాదు.”

తలుపుకే పెట్టింది. ఆ సాయంత్రం మినపప్పు రుబ్బింది. తలుపులు తెరిచి తిప్పాలి కాబట్టి గ్రైండర్ చప్పుడు ఇప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఎవరికీ కబురు పంపనక్కర్లేకపోయింది. చప్పుడు ఆగేసరికి రేఖ డబ్బాతో మెట్ల మీద ఉంది. ఆమె వెనక, పక్క గది కుర్రాళ్లు తలలు వంచుకుని నిలబడి ఉన్నారు.

ముత్యమ్మ, అరవై మూడేళ్లు, ఇస్నాపూర్.