తెర అక్కర్లేని కంప్యూటర్

అత్తగారి కంప్యూటరుకు తెర లేదు. మొదట్లో ఉండేది. ఆవిడ చూపు మెల్లమెల్లగా మసకబారి, చివరికి పూర్తిగా పోయాక కూడా కొన్నాళ్లు అది బల్ల మీద ఉత్తినే వెలుగుతూ ఉండిపోయింది. ఒకరోజు బల్ల తుడుస్తుంటే దాని మూల మోచేతికి కొట్టుకుంది. "దీన్ని చూసేవాళ్లెవర్రా ఇక్కడ? తీసి అవతల పెట్టు" అంది కొడుకుతో. అతను దాన్ని తీసుకెళ్లి భార్య బల్ల మీద పెట్టాడు. అప్పటినుంచి అత్తగారి గదిలో బల్ల కింద ఓ నల్లటి పెట్టె, బల్ల మీద కీబోర్డు, గోడ మేకుకు హెడ్‌ఫోన్లు, అంతే.

ఆ కంప్యూటరు మాట్లాడుతుంది. ఏ మీట నొక్కినా, ఏ వాక్యం దగ్గర ఆగినా చదివి వినిపిస్తుంది. గొంతు మాత్రం మనిషిది కాదు, ముక్కుతో మాట్లాడే రేకు డబ్బాలా ఉంటుంది. పైగా ఆవిడ దాని వేగం పెంచీ పెంచీ ఎక్కడికో తీసుకెళ్లింది. పక్కన నిలబడి వింటే రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్టు ఉంటుంది తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. ఆవిడకు అర్థమవుతుంది. స్కాన్ సెంటర్ డాక్టరు నోటితో చెప్పి పంపే రికార్డింగులు వింటూ టైపు చేస్తుంది. టైపు చేసింది మళ్లీ ఆ వడగళ్ల వేగంతోనే విని సరిచూసుకుంటుంది. మధ్యాహ్నానికల్లా రిపోర్టులు పంపేస్తుంది. చూపున్న రోజుల నుంచీ చేస్తున్న పనే. చూపు పోయిన సంగతి డాక్టరుకు చాలాకాలం తెలియనే తెలియదు. తెలిశాక ఏమీ అనలేదు, పనీ ఆపలేదు.

సోమవారం నుంచి స్కాన్ సెంటర్ వాళ్ల కొత్త సైటు మొదలవుతుంది. పాత సిస్టమ్‌లలో అది తెరుచుకోదని కబురొచ్చింది. అత్తగారిది లినక్స్. ఊరికే దొరుకుతుంది, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. కానీ అది బాగా పాతబడిందనీ, ఆ వెర్షన్‌కి ఇక మరమ్మతులు రావనీ కోడలు ఎప్పట్నుంచో పోరుతూనే ఉంది. ఆమె ఉద్యోగమే అది. కాలేజీలో సర్వర్లన్నీ ఆమే చూస్తుంది.

శనివారం కాఫీలు కాగానే కోడలు కొంగు దోపుకుంది.

"ఎంతసేపు పడుతుంది అమ్మాయ్?" అంది అత్తగారు.

"భోజనాల వేళకి అయిపోతుంది అత్తయ్యా. మీరు కాస్త నడుం వాల్చండి."

"పక్కన కూర్చుంటానే. నోరెత్తనులే."

"మీరు కూర్చుంటే నాకు చెయ్యాడదు. పరీక్ష హాల్లో ఉన్నట్టుంటుంది."

అత్తగారు నవ్వి, గోడ పట్టుకుని ముందు గదిలోకి వెళ్లింది. కోడలు తన బల్ల మీది తెరను మోసుకొచ్చి పెట్టెకు తగిలించింది. తెర లేకుండా పని చెయ్యడమంటే ఆమెకు కళ్లకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే. ముందుగా డిస్కు మొత్తానికి నకలు తీసి విడిగా పెట్టుకుంది. అది ఉద్యోగంలో అబ్బిన అలవాటు. ఆ తర్వాత అప్‌గ్రేడు మొదలుపెట్టింది.

పని సాఫీగానే సాగింది. మధ్యమధ్యలో సిస్టమ్ ఆగి అడిగేది, ఫలానా ఫైలు మీరు మార్చుకున్నారు, మీదే ఉంచమంటారా, కొత్తది పెట్టమంటారా అని. కాలేజీలో ఆమె పద్ధతి ఒకటే. కొత్తది పెట్టేసేది. ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో తెలియని పాత మార్పుల వల్లే సగం తలనొప్పులు. ఇక్కడా అలాగే కొత్తది, కొత్తది, కొత్తది అనుకుంటూ నొక్కుకుంటూ పోయింది. అన్నీ అయ్యాక, తన తరఫున ఓ చిన్న కానుకగా, మనిషి గొంతులాంటి కొత్త గొంతు ఒకటి తెచ్చి పెట్టింది. మెత్తగా, తీరుబడిగా మాట్లాడే ఆడగొంతు. ఇన్నాళ్లూ ఆ రేకు డబ్బా మోతతో ఎలా వేగారో పాపం అనుకుంది.

తెర ఊడదీసి తన గదిలో పెట్టేసి, అత్తగారిని పిలిచింది. ఆవిడ కుర్చీలో సర్దుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీట నొక్కింది. ఇంకోటి నొక్కింది. కాసేపు ఆగి మళ్లీ నొక్కింది.

"నోరు పడిపోయిందమ్మాయ్" అంది నెమ్మదిగా.

కోడలు హెడ్‌ఫోన్లు తీసుకుని విన్నది. ఏమీ లేదు. తన ఫోనుకు తగిలించి చూసింది, హెడ్‌ఫోన్లు బాగానే ఉన్నాయి. మళ్లీ వెళ్లి తెర మోసుకొచ్చింది. తెర మీద అంతా చక్కగా ఉంది. మాట్లాడే ప్రోగ్రాం నడుస్తోంది. శబ్దం స్థాయి చూపించే పచ్చటి గీత మీట నొక్కినప్పుడల్లా ఎగిరెగిరి పడుతోంది. అంటే కంప్యూటరు మాట్లాడుతూనే ఉంది, వినిపించడమే లేదు.

శబ్దం ఎక్కడైనా ఆపి ఉందేమోనని చూసింది. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టింది. పెట్టె ఆపి మళ్లీ వేసింది. సిస్టమ్ రాసుకునే లాగ్ తెరిచి వరస వరసా చదివింది. ఎక్కడా తప్పు లేదు. ఆమె భర్త గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"మా అమ్మతో మాట్లాడకుండా ఉండగలిగింది ఈ ఇంట్లో అదొక్కటే" అన్నాడు.

"చిన్నా, నువ్వు వెళ్లి కంచాలు పెట్టు" అంది తల్లి.

భోజనాలయ్యాక అత్తగారు తన గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. మామూలుగా ఆ వేళకు ఆవిడ వార్తలు వింటుంది, అక్కచెల్లెళ్లకు ఉత్తరాలు రాస్తుంది, ఇంటర్నెట్‌లో ఏదో ఒకటి వెతుకుతుంది. ఆవేళ మాత్రం, "టైమెంతయింది?" అంది. కాసేపాగి మళ్లీ అంది. ఆవిడ టైము అడగడం కోడలు ఇంతవరకూ విననే లేదు. వీపు వెనక ఆ ప్రశ్న వినిపించినప్పుడల్లా ఆమె టైపు చేసింది చెరిపి మళ్లీ చేసింది.

చివరికి ఆమె శబ్దం బయటికి వెళ్లే దారులేమిటో చూపించమని అడిగింది. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి పెట్టె వెనక హెడ్‌ఫోన్ల రంధ్రం. రెండోది తెర. ముఖ్యమైనది అన్న గుర్తు రెండోదాని పక్కన ఉంది.

కోడలు నుదురు కొట్టుకుంది. కొత్త సిస్టమ్ కళ్లు తెరిచేసరికి ఎదురుగా తెర కనిపించింది. తీగలోంచి బొమ్మతో పాటు మాటనూ పంపవచ్చు గనక, ఇక మాట్లాడవలసింది దీనితోనే కాబోలనుకుంది. ఆ తెరకు స్పీకర్లు లేవు. తెర తీసేసినా దాని పట్టు అదే. తెర ఉన్న ఇంట్లో ఈ చిక్కే రాదు. తెర లేని కంప్యూటరుకు తెర తగిలించి తీసేసినవాళ్లకే వస్తుంది.

"దొరికింది అత్తయ్యా. తప్పు దానిది కాదు, నాదే. ఇంతసేపూ అది నా తెరతో మాట్లాడుతోంది."

"పాపం, అదేం పలికింది?"

"దానికి చెవులూ లేవు, నోరూ లేదు."

తెర దారి మూసేసి, హెడ్‌ఫోన్ల దారి ముఖ్యమని రాసిపెట్టింది. తెర తీసేసి, పెట్టె ఆపి మళ్లీ వేసింది. ఈసారి గొంతు వచ్చింది. అత్తగారి ముఖంలో వెలుగు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"ఎవరమ్మా ఈవిడ?"

"కొత్త గొంతు. బాగుందా?"

"బాగుంది. మర్యాదస్తురాల్లా ఉంది."

ఆవిడ పాత రిపోర్టు ఒకటి తెరిచి వినడం మొదలుపెట్టింది. వేగం పెంచింది. ఇంకా పెంచింది. పెంచేకొద్దీ ఆ మెత్తటి గొంతులో మాటలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, తడిసిన అక్షరాల్లా అలుక్కుపోయాయి. తగ్గించింది. ఓ చోట ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి విన్నది. మళ్లీ విన్నది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది.

"అమ్మాయ్, అంకెల మధ్య చుక్క దగ్గర టక్ మని చప్పుడు రావాలి. రావడం లేదు."

"ఏ చప్పుడు?"

"నేను పెట్టుకున్నా. గడ్డ సైజు చెప్పేటప్పుడు చుక్క ఎగిరిపోయిందనుకో, చిన్నది కాస్తా అవతలివాడి కొంప ముంచేంత పెద్దదైపోతుంది. అందుకని చుక్క వస్తే టక్ మనేలా ఫైల్లో మార్చుకున్నా."

కోడలికి పొద్దుటి ప్రశ్నలు గుర్తొచ్చాయి. కొత్తది, కొత్తది, కొత్తది.

"వినడానికి హాయిగా ఉంటుందని ఆ గొంతు పెట్టాను అత్తయ్యా" అంది.

"హాయిగానే ఉంది. పక్కింటావిడ వచ్చి కూర్చున్నట్టుంది. కానీ పక్కింటావిడతో ఎంతసేపని కూర్చుంటాం, పనుండగా?" అత్తగారి గొంతులో కోపం లేదు. "సోమవారం పొద్దున్నే ఫైళ్లు వచ్చిపడతాయి. ఈవిడతో అయితే సాయంత్రమైనా తెమలవు. డాక్టరు మంచివాడే. ఆలస్యమైతే ఒక్క మాటా అనడు. మర్నాటి నుంచి ఇంకొకరికి పంపిస్తాడు, అంతే. ఇక నేను మంచం మీద కూర్చుని మిమ్మల్ని టైమడుగుతూ ఉండాలి."

కోడలు నేల మీద కూర్చుండిపోయింది.

"నకలుంది అత్తయ్యా. మీ పాత ఫైళ్లు అందులోంచి తెచ్చి పెట్టేస్తాను. ఎంతోసేపు పట్టదు."

"నకలంటే, పొద్దున ఎలా ఉందో అలానా?"

"అచ్చం అలాగే."

"అయితే ఫైళ్లెందుకు, మొత్తం అలాగే పెట్టెయ్. రేపు మళ్లీ మొదటినుంచీ చేద్దాం. నేను చేస్తా."

"మీరా?"

"ఈ కొత్త వెర్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయన్నావుగా. వచ్చేసారికి నువ్వు ఏ కాన్ఫరెన్సులోనో ఉంటావు. నాకు తెలిసుండాలి కదా."

అవసరం లేదని చెప్పడానికి కోడలి దగ్గర మంచి కారణాలు చాలా ఉన్నాయి. అయినా సాయంత్రం నకలులోంచి అంతా పొద్దున ఉన్నట్టే తిరిగి పెట్టేసింది.

ఆదివారం పొద్దున అత్తగారు తలంటుకుని, జడ ముడేసుకుని, పెళ్లికి వెళ్తున్నంత శ్రద్ధగా వచ్చి కూర్చుంది. కోడలు పక్కన పీట వేసుకుంది. తెర ఆమె గదిలోనే ఉండిపోయింది. ఆమె చెప్పిన ఆదేశాలు ఆవిడ టైపు చేసింది. రేకు డబ్బా గొంతు వడగళ్లు కురిపించింది. కోడలు హెడ్‌ఫోన్లకు చెవి ఆనించి వినబోయి, ఒక్క ముక్కా అందక మానుకుంది.

"ఏమంటోంది అత్తయ్యా?"

"ఆగు, ఇంకా ఫైళ్లు తెస్తోంది. నీకు మరీ తొందర."

కాసేపటికి ఆవిడ చెయ్యెత్తింది. "అడుగుతోంది. ఉచ్చారణల ఫైలట. నాదే ఉంచాలా, కొత్తది పెట్టాలా?"

"మీరేమంటారు?"

"కొత్తదాంట్లో ఏముందో చూడొచ్చా?"

"తేడా చూపించమంటే చూపిస్తుంది."

అత్తగారు తేడా మొత్తం విన్నది. "వాళ్లదాంట్లో ఓ రెండు మంచివున్నాయి. తర్వాత చేర్చుకుంటా. ఇప్పటికి నాదే ఉండనీ." తర్వాతి ఫైలుకు మాత్రం, "ఇది నేను ముట్టుకున్నట్టే గుర్తులేదు, కొత్తది పెట్టు" అని తనకు తనే చెప్పుకుని నొక్కింది. కోడలు ఇంత ఆలోచించి ఎప్పుడూ జవాబివ్వలేదు.

సగం దాటాక గొంతు మాట మధ్యలో తెగిపోయింది. గదిలో పెట్టె ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. కోడలు లేచి నిలబడింది.

"ఎక్కడికి?"

"తెర తెస్తాను."

"కూర్చో. నిన్న అది తెచ్చే కదా ఇంతదాకా వచ్చింది. ఇప్పుడు గొంతును కూడా మారుస్తున్నట్టుంది. మారనీ."

ఇద్దరూ కూర్చున్నారు. అత్తగారి వేళ్లు మీటల మీద, నొక్కకుండా, ఊరికే ఆనించి ఉన్నాయి. ఆ చేతి మీద చెయ్యి వెయ్యాలనిపించింది కోడలికి. వెయ్యలేదు, తన ఒళ్లోనే పెట్టుకుంది. ఆమె చూపు గుమ్మం వైపు పోతూ వస్తూ ఉండగా, హెడ్‌ఫోన్లలోంచి సన్నగా వడగళ్లు మొదలయ్యాయి.

"వచ్చింది" అంది అత్తగారు.

అంతా అయ్యాక పెట్టెను ఆపి మళ్లీ వేసింది. గొంతు తనంతట తనే పలికింది. సైటు తెరుచుకుంది. పాత రిపోర్టులో గడ్డ సైజు దగ్గరికి వెళ్లి ఆగింది. టక్. ఇంకోసారి విన్నది. టక్. కుర్చీలో వెనక్కి వాలి, ఇంకేదో గుర్తొచ్చినట్టు మళ్లీ ముందుకు వంగింది.

"అమ్మాయ్, కాస్త అవతలికి వెళ్తావా? పాస్‌వర్డ్ మార్చుకుంటా."

ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పెట్టింది కొడుకు.

"నాకు తెలియకపోతే రేపేదైనా అయితే ఎలా అత్తయ్యా?"

"అయితే పిలుస్తాగా. వచ్చి పక్కన కూర్చుందువు గాని."

కోడలు పీట పక్కకు జరిపి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ముందు గదిలో భర్త చొక్కా గుండీ కుట్టుకుంటున్నాడు.

"ఏం, గెంటేసిందా?"

"ఊఁ."

తలుపు వెనక మీటలు ఒక్కొక్కటే నెమ్మదిగా పడుతున్నాయి. ఎన్ని మీటలు, ఎక్కడ వేలు ఆగింది, ఏది పొడుగాటి మీట అన్నది చప్పుడును బట్టి పోల్చుకోవడం కోడలికి వృత్తిరీత్యా పట్టుబడిన విద్య. ఆమె గబగబా వంటింట్లోకి వెళ్లి, కొళాయి పూర్తిగా తిప్పి, నీళ్ల హోరులో గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.