ఒకటో నంబరు పుస్తకం

...పసుపే. మళ్లీ పసుపే. పెద్దల కాగితం అనగానే చదవడం మాని పూజకు దిగే ఈ జనాన్ని ఏమనాలి? చేతిలోని పాత కాగితాన్ని చూసి గంగాధర ముక్కు చిట్లించాడు. దసరాకు కొడవలితో పాటు దానికీ పసుపునీళ్లు చల్లి, బొట్టు పెట్టి, మళ్లీ పెట్టెలో పడేస్తారు. యాభై ఏళ్లకు అక్షరం పోయి బొట్టు మిగులుతుంది. అప్పుడు మోసుకుని పెనుకొండకు, ఈ చరిత్ర సంఘం గ్రంథాలయానికి వస్తారు.

హిందూపురం పెద్దమనుషులు ఇంకో రకం. జిరాక్సు అంగడిలో లామినేషన్ చేయించి కాగితాన్ని ఊపిరాడకుండా చంపి తెస్తారు. పోయిన వారం ధర్మవరం నుంచి పట్టుచీరల షావుకారు ఒకడు వంశవృక్షం తెచ్చాడు. పైన ఒక రాజు, కింద తాను, నడుమ మూడు వందల ఏళ్లు ఖాళీ. "ఆ నడుమోళ్లను మీరే నింపండి సార్" అన్నాడు. అందరికీ తాతలు కావాలి. ఆ తాతలు ఏం చేశారో ఎవడికీ అక్కర్లేదు.

తన సంగతి వేరు. సంఘం రిజిస్టరులో ఒకటో నంబరు, బడిపంతులైన తన తాత ముత్యాలప్ప అయివారి హాజరు పుస్తకం. గుట్టకిందపల్లి బడిలో ఏడాదంతా ఒక్క పిల్లవాడూ మానలేదని ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ప్రశంసాపత్రం గంగాధర కుర్చీ వెనకే వేలాడుతోంది.

ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ ఓబులమ్మదీ గుట్టకిందపల్లే. గొర్లు కాచిన ముసలమ్మ.

"ఏముండాది సార్ దాంట్లో? మా నాయన సచ్చేటప్పుడు, పోగొట్టుకోవద్దు పాపా అన్న్యాడు. సేని పట్టా అనుకుంటాండాం."

"ఇన్నేండ్లు ఎవురితోనూ చదివించలేదా?"

"సదివేటోళ్లు పెరుక్కుంటారని బయం. నీది పెరుక్కునే మొగం కాదులే."

గంగాధర కాగితాన్ని కిటికీ వెలుగులోకి వంచాడు. పట్టా కాదు. పంతొమ్మిది వందల యాభై ఏడులో విద్యాశాఖకు రాయించి, వేలిముద్ర వేసి, పంపకుండా దాచుకున్న అర్జీ. 'మా అయివారు ముత్యాలప్ప గారు మా పిల్లల్ని బడికి రానీయక తమ గొర్లు కాయించుకుంటూ, పుస్తకంలో మాత్రం దినమూ వచ్చినట్టు రాసుకుంటున్నారు.' కింద తొమ్మిది మంది పిల్లల పేర్లు. ఆరోది ఓబులమ్మ.

"నువ్వు బడికి పోయినావా అవ్వా?" కాగితం మీంచి తలెత్తి అడిగాడు.

"బడి యాడిది? అయివారి గొర్లు ఇరవై రెండు. కొండెక్కితే వాటిని దింపేకే పొద్దంతా సరిపాయ."

అతను లేచి అద్దాల బీరువా తెరిచి తాత హాజరు పుస్తకం తీశాడు. ముత్యాల్లాంటి దస్తూరీ. ఓబులమ్మ పేరు పక్కన ఒక్క గైర్హాజరు లేదు. వేరుశెనక్కాయ పీకే నెలలో కూడా లేదు. కూలీనాలీ చేసుకునే పల్లెలో అది సాధ్యమా అని ఏ ఎద్దును అడిగినా చెప్పేది. ఇరవై ఏళ్లు ఈ పుస్తకాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. తాను మాత్రం చదవలేదు. పసుపు ఒక్కటే తక్కువ.

అక్షరాలు పోయాయి, పసుపు తినేసింది అంటే సరిపోతుంది. ఈమె నమ్ముతుంది. మడిచి కొంగున కట్టుకుని పోతుంది. ఆ అబద్ధం ఎంత సులువుగా నాలిక మీదికి వచ్చిందో చూసి అతనికి ఆ షావుకారు మీదకంటే ఎక్కువ అసహ్యం వేసింది.

"పట్టానేనా సార్?"

"కాదవ్వా. నిన్ను బడికి పంపకుండా గొర్లకు తోలినాడని అయివారి మీద మీ నాయన రాయించిన అర్జీ."

ఆమె ముందుకు వంగి ఆ కాగితాన్ని చూసింది.

"మా నాయన అయివారి ఎదురుగా నోరెత్తే మనిషి కాదే. నాకోసరమా?"

"నీకోసరమే."

"అట్లయితే ఈడనే పెట్టు సార్. ఇంట్లో ఉంటే మా కోడలు మళ్లా పసుపు పూస్తాది."

గంగాధర దానికి రెండు వందల పన్నెండో నంబరు వేశాడు. తర్వాత రిజిస్టరు మొదటి పేజీకి తిప్పి, ఒకటో నంబరు ఎదురుగా ఇరవై ఏళ్లుగా ఖాళీగా ఉన్న రిమార్కుల గడిలో రాశాడు: '212 చూడండి.'