సిద్దమ్మ సవతి

పొద్దున్నే సంగటి కెలికి, శెనక్కాయల ఊరిబిండి నూరి, క్యారియరు కట్టుకోని గుంతకల్లు ఇంజన్ల షెడ్డు గేటు కాడికి పోయేది సిద్దమ్మ. మొగుడు గురప్ప ఆడ డ్రైవరు. క్యారియరు అందించి, ఆయప్ప వెనకాల నిలబడిన ఇంజనును పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి ఇంటికి తిరుక్కునేది. ముప్పై ఏండ్లుగా ఇదే వరస.

ఆ లైను మీద ఆవిరి ఇంజన్లు పెద్దవిగా వచ్చేవి కావు. దూడల మాదిరి చిన్నవే వస్తాయి, డ్రైవరుకొకటి అప్పజెప్పుతారు, పెంచుకునేది ఆయప్ప పని. గురప్పకు పెండ్లయిన ఏడాదే ఆరు చక్రాల పిల్ల ఇంజను ఇచ్చినారు. ఐదేండ్లకు దానికి ఇంకో రెండు చక్రాలు మొలిచినాయి. పదేండ్లకు పొగగొట్టం తగులుతాందని షెడ్డు కప్పు ఎత్తు పెంచినారు. "గురప్పన్న చెయ్యి మంచిదబ్బా" అన్నారు అందరూ. గురప్ప మీసం దువ్వుకున్నాడు.

సిద్దమ్మకు ఒళ్ళు మండేది. మండదా మరి? కాలనీ కొళాయిలో మూడు దినాలకోసారి నీళ్ళు, దానికేమో అడిగినప్పుడల్లా! పెండ్లానికి జొరమొస్తే "మాత్ర మింగుమే" అని పోయే మనిషి, దానికి యాడన్నా ఆవిరి కారితే అన్నం ముట్టడు.

ఆవిరి బండ్ల కాలం తీరిపోయింది. తొంభై ఎనిమిది దసరాకు ఆర్డరొచ్చింది. అన్నిట్లోకీ పొడుగైన ఇంజను ఒక్కటి స్టేషను ముందర దిమ్మె మీద నిలబెడతారు, మిగతావన్నీ కోసి పాతినుముకు అమ్ముతారు. కొలిస్తే ఇంకో డ్రైవరు చెన్నప్ప ఇంజను గురప్ప ఇంజను కంటే జానెడు పొడుగు. ఆఖరు కొలత ఆయుధపూజ నాడు.

"దాన్ని కోస్తే నన్ను కోసినట్టే" అని గురప్ప గోడకు తిరిగి పండుకున్నాడు. సిద్దమ్మ లోపల్లోపల మురిసిపోయింది. అది పోతే మొగుడు తన వాడు.

పూజ నాడు ఇంటోళ్ళను లోపలికి వదుల్తారు. ఎన్నడూ గేటు దాటని సిద్దమ్మ, దాని చావు కండ్లారా చూద్దామని క్యారియరుతోనే లోపలికి పోయింది. ఇంజనుకు పసుపు, కుంకుమ, బంతిపూలు. వాటి మీద ఆకుపచ్చ ధర్మవరం పట్టుచీర.

"ఎవరికి తెచ్చినావప్పా ఆ చీర?"

"ఆఖరు పూజ కదమ్మే. ముత్తైదువ మాదిరి సాగనంపల్లని..."

పదేండ్లుగా ఆమె అడుగుతాండే చీర అది. "నేను సచ్చినా నామీద కప్పవు కదా ఇట్లాంటిది!" అని ఇంజనును నిలువునా చూసింది. ఇంజను కిర్రుమనింది. చీర పటుక్కున ఒకచోట చినిగింది.

టేపు పట్టుకున్న ఫిట్టరు ఓబుళేసు అరిచినాడు. "రెండంగుళాలు పెరిగిండాదన్నా!"

అందరికీ అర్థమైపోయింది. చెన్నప్ప ఇంజను అంత పొడుగెందుకో కూడా అర్థమైంది. ఆయప్పకు ఇద్దరు పెండ్లాలు.

"సిద్దక్కా, నీకు దండం పెడతా, ఇంకొంచెం కుళ్ళుకోక్కా!" అన్నాడు ఓబుళేసు.

సిద్దమ్మ కండ్లు గట్టిగా మూసుకుంది. చూడకుంటే పెరగదు, పెరగకుంటే పీడా పోతాది. దేవుండ్లను తల్చుకుంది, పుట్టింటి బర్రెను తల్చుకుంది. అంతలో గురప్ప గొంతు వినపడింది. "భయపడొద్దు తల్లీ, నేనుండా."

ముప్పై ఏండ్లలో ఒక్కనాడన్నా తనతో ఆ మాట అన్నాడా? కండ్లు మూసుకునే ఉంది సిద్దమ్మ. ఇంజను గజం పొడుగు సాగింది. చీర పీలికలై రాలిపడింది.

షెడ్డంతా ఈలలు. సిద్దమ్మ రైలు పట్టా మీద కూలబడి ఏడ్చింది. సవతిని తన చేతులారా తానే బతికించుకుంది కదా!

గురప్ప ఇంజను దిక్కు చూడలేదు. వచ్చి ఆమె పక్కన గొంతుక్కూచున్నాడు.

"ముప్పై ఏండ్లు ఇంత కడుపుమంట పెట్టుకోని నా పక్కన పండుకున్న్యావామే?"

"ఇంగ యాడ పండుకోవల్ల?"

గురప్ప తువ్వాలుతో ఆమె మొగం తుడిచినాడు. తువ్వాలుకుండే మసంతా ఆమె చెంపలకు అంటుకుంది. క్యారియరు ఒక చేత్తో, ఆమె చెయ్యి ఒక చేత్తో పట్టుకోని అందరి ముందరా ఇంటికి నడిచినాడు.

ఇంజను ఇంకా పెరుగుతాదని దిమ్మెను మూడు గజాలు ఎక్కువే కట్టించినారు. ఆ మూడు గజాలూ ఈపొద్దుకీ ఖాళీగానే ఉండాయి.