రాజారత్నం చెప్పులు

నాపరాయి కాలుతోంది.

మిట్టమధ్యాహ్నం. గురజాల దాటాక ఆ పల్లె. పల్లె బజారంతా నాపరాళ్ళే. ఎండ వచ్చి వాటిమీద కూర్చుంటుంది... పొద్దుగూకినా లేవనంటుంది.

ఆ రాళ్ళమీద రాజారత్నం ఎన్నో ఎండాకాలాలు ఉత్త కాళ్ళతో నడిచాడు.

అరికాళ్ళ నిండా పగుళ్ళు. పగుళ్ళలో మట్టి. పగుళ్ళలో సున్నం. వాటి అడుగున — ఒక మాట.

అన్న ఏసోబును పూడ్చిన రోజు తను ఆడిన మాట అది.

ఎలక్షన్ల గొడవ. పెద్దోళ్ళ జెండాలు పట్టుకుని పల్లెలోవాళ్ళే రెండుగా చీలారు. గొడ్డలి ఎత్తింది పరాయివాడు కాదు, వరసకు బావ అయ్యే కోటిబాబు. తర్వాత పెద్దోళ్ళు జెండాలు మడిచి, ఒకే పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారు. ఏసోబు మాత్రం మట్టిలో ఉన్నాడు.

సమాధి దగ్గర రాజారత్నం చెప్పులు విప్పి కంపల్లోకి విసిరాడు.

— కోటిగాణ్ణి చంపిందాకా కాళ్ళకు చెప్పులెయ్యను.

వదిన దీనమ్మ విన్నది. ఆ మాట మీదే బతికింది. మరిదికి కూడు పెట్టేముందు అతని కాళ్ళ వంక చూసేది. తర్వాతే కంచం.

కోటిబాబు జైలుకు పోయాడు. శిక్ష తీరి వచ్చాడు. ఇంట్లోనే ఉంటున్నాడు, బజారుకు రాడు. పల్లె ఎదురుచూస్తోంది.

రాజారత్నం పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ పనికి పోయేవాడు. బట్టీ పక్కన రేకుల చర్చి. మారుమనసు ఎట్లా వచ్చిందో అతను చెప్పలేడు. చెప్పే మనిషి కాదు. తాగి పడున్నవాడు ఒకనాడు లేచాడు. మళ్ళీ తాగలేదు. బూతు నాలుక చివరిదాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి పోయేది.

కుడి కాలవలో బాప్తిస్మం. మునిగాడు. తేలాడు. సారా నీళ్ళలో పోయింది. అబద్ధం పోయింది. ఒడ్డున అందరూ చెప్పులు వేసుకున్నారు.

అతను వేసుకోలేదు.

అన్నీ వదిలాడు... ఒక్కటి అరికాళ్ళ కింద దాచుకుని ఒడ్డెక్కాడు.

బట్టీ దగ్గర చర్చివాళ్ళకు పల్లె సంగతి తెలియదు. వాళ్ళకు కనపడింది ఉత్త కాళ్ళే. ఇంత ఎండలో ఒట్టికాళ్ళతో వస్తాడమ్మా, ఎంత భక్తో — అనుకున్నారు ఆడవాళ్ళు. ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో చెయ్యి చాపాడు.

"ఈ సహోదరుని పాదాలు చూడండి."

అందరూ చూశారు.

బట్టీ బూడిద కాల్చలేని కాళ్ళు... ఆ చూపుకు కాలిపోయాయి.

పరలోకం ఎట్లా ఉంటుందో రాజారత్నానికి తెలియదు. ఈ కాళ్ళు ఎటు పోదామనుకుంటున్నాయో తెలుసు. మోకాళ్ళు ఒకచోట వంగుతున్నాయి, పాదాలు ఇంకోచోటికి పోతామంటున్నాయి. ఒక మనిషిలో ఇద్దరు ఎన్నాళ్ళుంటారు?

లేచి నిలబడ్డాడు.

"ఇది భక్తి కాదయ్యా. ఒకణ్ణి చంపుదామని."

పాస్టరుగారు చాపిన చెయ్యి దించాడు.

బయటికి నడిచాడు. నేరుగా యాసిన్ చెప్పుల కొట్టుకు.

"సైజెంత మావా?"

తెలియదు. ఎప్పుడో మర్చిపోయాడు. యాసిన్ వంగి చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఏంది మావా, ఇది కాలా నాపరాయా?"

కొట్టులో అన్నిటికన్నా పెద్ద జత. నీలం పట్టీల హవాయి చెప్పులు.

బస్సు దిగాడు. పల్లె బజారు. టప్... టప్...

ఆ చప్పుడుకు టీకొట్టులో గ్లాసులు ఆగాయి.

"ఏంది రత్నం మావా, పని అయిపోయిందా?" కొండలు అరిచాడు. "కోటిగాడింట్లో ఏడుపు ఇనపళ్ళేదే!"

నవ్వులు.

"ఏడబెట్టావు మావా పౌరుషం?"

రాజారత్నం ఆగలేదు.

"తొక్కుతున్నా."



గడపలో వదిన. కాళ్ళ వంక చూసింది. ఎప్పటిలాగే, ముందు కాళ్ళ వంక. చేతిలో కంచం ఉంది.

"మీ అన్నని తొక్కుకుంటా వచ్చావా?"

"అన్న నాకూ అన్నే వదినా. చంపే కాళ్ళు కావియ్యి."

"పో. ఈ గడపలోకి రామాక."

కంచం బోర్లించింది.

ఇన్నేళ్ళు ఆ కంచంలోనే తిన్నాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు... ఉన్నది ఆ కంచమొక్కటే. కళ్ళు మండాయి. అయినా చెప్పులు విప్పలేదు.

వెనక్కి తిరిగి, బజారు ఆ చివరికి నడిచాడు.

టప్... టప్...

తలుపులు ఓరగా మూసుకున్నాయి. చిన్నపిల్లలను ఎవరో లోపలికి లాక్కున్నారు. అటువైపు అతనికి ఇంకే పనీ లేదు. ఆ చివర ఉన్నది కోటిబాబు ఇల్లు.

తలుపు గడియ పెట్టుంది. కిటికీలో కోటిబాబు తల్లి మల్లమ్మ ముఖం, సున్నంలా తెల్లబడి.

"రత్నం... ఒక్కగానొక్కడయ్యా..."

రాజారత్నం అరుగు ముందు ఆగాడు. ఎవరింటికి పోయినా చెప్పులు బయటే విప్పాలి. అది పల్లె పద్ధతి.

విప్పాడు.

ఉత్త కాళ్ళు... మళ్ళీ ఉత్త కాళ్ళు. అటు చూసినవాళ్ళకు పాత మాటే గుర్తొచ్చింది. గడియ వెనక ఉన్నవాడికీ అదే గుర్తొచ్చి ఉంటుంది.

రాజారత్నం రెండు చేతులూ చాపి, ఖాళీ అని చూపించాడు.

"అత్తా, దాహమేస్తంది. కాసిని మంచినీళ్ళు ఇప్పించు... బావ చేత."

పగవాడి ఇంట్లో నీళ్ళు ముట్టరు. తాగితే పగ లేనట్టే. పల్లెలో అందరికీ తెలుసు.

లోపల చెంబు తగిలిన చప్పుడు. గడియ కదిలింది... ఆగింది.

వెనక అడుగులు.

ఆ అడుగులు అతనికి తెలుసు. దీనమ్మవి. దగ్గరికొచ్చి, విప్పిన చెప్పుల పక్కన ఆగాయి. చెప్పులు తియ్యడానికి వంగిందో, కొట్టడానికి చెయ్యి ఎత్తిందో — చూడలేదు. అతని కళ్ళు గడియ మీదే ఉన్నాయి.

కాళ్ళ కింద నాపరాయి కాలుతోంది.

రాజారత్నం కాలు తియ్యలేదు.