బుగ్గల్లో దమ్ము

వీధంతా అతన్ని బుగ్గల కంసాలి అనేవారు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని దీపం మంటను నగ మీదికి ఊదుతుంటే అతని బుగ్గలు బుడగల్లా ఉబ్బేవి. ముక్కుతో గాలి పీల్చుకుంటూ, బుగ్గల్లో ఉన్నదాన్ని సన్నగా వదులుతూ, అతుకు కరిగేదాకా మంటను వణకనిచ్చేవాడు కాదు. గ్యాస్ మంట కొనుక్కోమంటే, “అది దమ్ము లేనివాడికయ్యా” అనేవాడు. అనేసి ఇంకో రకం దమ్ముకి సిగరెట్ వెలిగించేవాడు. ఎదురుగా దీపముంది, అగ్గిపెట్టె వెతుక్కోవాల్సిన పని కూడా లేదు.

పక్క పీట మీద బావమరిది కూర్చునేవాడు. అతను పని బావ దగ్గరే నేర్చుకున్నాడు. సిగరెట్టూ అక్కడే నేర్చుకున్నాడు.

దుకాణం పైనే ఇల్లు. కంసాలి మెట్ల మధ్యలో ఆగిపోతున్నాడని భార్య కనిపెట్టింది. “మోకాళ్లే” అన్నాడతను.

“మోకాళ్లు నొప్పెడితే గుండెల్లో పిల్లి కూత ఎందుకొస్తుందండీ?” అని ఆమె ఒక ఉదయం చెప్పులేసుకుని గుమ్మంలో కూచుంది. అతను ఆస్పత్రికి బయల్దేరేదాకా లేవలేదు.

అక్కడ పరీక్షలు చేసే అమ్మాయి ఒక తెల్ల గొట్టం చేతికిచ్చింది. “బాగా పీల్చి, ఒక్కసారిగా ఊదెయ్యండి బాబాయ్.”

“ఊదడం నాకే నేర్పుతావా తల్లీ?” అని నవ్వి, బుగ్గలు నింపుకుని, అలవాటు ప్రకారం సన్నగా, నిలకడగా ఊదాడు.

“బుగ్గలతో కాదు. లోపలున్నదంతా రావాలి.” ఆ అమ్మాయి అతని ముక్కుకి క్లిప్పు పెట్టింది. “ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా!”

తెర మీద గీత కొంచెం లేచి వాలిపోయింది. అతని మొహం కందిపోయింది. లోపల ఇంకేమీ లేదు.

“ఊపిరితిత్తుల పని ఇన్నాళ్లూ మీ బుగ్గలు నెట్టుకొచ్చాయి, అందుకే మీకు తెలియలేదు” అన్నాడు డాక్టరు. “పొగకి పాడైంది తిరిగి రాదు. ఇవాళ మానేస్తే మిగిలింది అంత తొందరగా పోదు.”

“ఎలా మాన్పించాలి?” అని అడిగింది భార్య.

“ఇంట్లో, దుకాణంలో ఒక్కటీ ఉంచకండి. నమలడానికి నికొటిన్ బిళ్లలు రాస్తాను, ఆరాటం తగ్గుతుంది. మరీ లాగినప్పుడు లేచి నడవండి, నీళ్లు తాగండి. కాసేపటికి అదే దిగిపోతుంది. తప్పి ఒకటి కాల్చినా, ఇంక అంతేలే అనుకోవద్దు. మళ్లీ మొదలుపెట్టండి.”

ఆ వారమంతా ఇంట్లో గిన్నె చప్పుడైతే తగువే. “డాక్టరు సిగరెట్ మానమన్నాడు గానీ మంచీమర్యాదా మానమన్నాడా?” అనేది భార్య.

దుకాణంలో బావమరిది అలవాటుగా ఒకటి ముట్టించాడు.

“బయటికి పో.”

“నువ్వు మానేస్తే నా మీద పడతావేంటి బావా? దమ్ముంటే నా పక్కన కూచుని మాను.”

కంసాలి పట్టకారు కింద పెట్టాడు. “లేదురా, అంత దమ్ము లేదు. నువ్వు వెలిగిస్తే నేను మానలేను.”

బావ నోట అలాంటి మాట అతనెన్నడూ వినలేదు. సిగరెట్ నలిపేశాడు. ఆనాటి నుంచి వీధి చివర కాల్చి వచ్చేవాడు. చొక్కా నిండా వాసన మోసుకొచ్చేవాడు. అది తగిలినప్పుడల్లా కంసాలి పెరట్లో పంపు దాకా నడిచి నీళ్లు తాగేవాడు. ఒకసారి ఆగలేక బావమరిది జేబులోంచి తీసి కాల్చేశాడు. భార్యతో తనే చెప్పాడు. ఆమె ఒక బిళ్ల విప్పి చేతిలో పెట్టింది.

ఒక మధ్యాహ్నం గొలుసు అతకబోతుంటే కంసాలికి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఊదుగొట్టం బావమరిదికిచ్చి, తను పట్టకారుతో గొలుసు పట్టుకున్నాడు. మంట సూదిలా సాగింది. బావమరిది బుగ్గలు అచ్చం తనవిలాగే ఉబ్బాయి.

కంసాలి చూపు గొలుసు మీద నిలవలేదు. “బుగ్గలు వదిలెయ్. లోపల్నుంచి ఊదు.”

“ఏంటి బావా వేళాకోళం?”

“ఊదరా!”

మంట ఎగిరి పడి కూలిపోయింది. బావమరిది గొట్టం వదిలేసి రొప్పుతూ గోడకి ఆనుకున్నాడు.

“గొంతులో దుమ్ము పడింది, బావా.”

కంసాలి దీపం ఆర్పేశాడు. “చొక్కా తొడుక్కో. ఆస్పత్రికి పోదాం.”

“గొలుసు కోసం ఆవిడ సాయంత్రం వస్తుంది.”

“రానీ, తిట్టనీ.”

తలుపుకి తాళం వేసి ఇద్దరూ వీధిలోకి దిగారు. నెమ్మదిగా నడిచారు. తొందరగా నడవగలిగినవాడు ఇద్దరిలో ఒక్కడూ లేడు.