మీ సొంత మాటల్లో జవాబు రాయుము

మా వదిన పుస్తకం వయసు ముప్పై ఏళ్లు. ఇంగ్లీషు గ్రామరు, చదివి అర్థం చేసుకోవాల్సిన ప్యాసేజీలు, వాటి కింద ప్రశ్నలు, ప్రశ్నల కింద జవాబుకి ఖాళీ గీతలు ఉన్న అభ్యాస పుస్తకం అది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలందరూ అందులో పెన్సిల్‌తోనే రాయాలి. పరీక్షలు కాగానే ఆవిడ పుస్తకం మొత్తం రబ్బరుతో చెరిపి, పొట్టు ఊది, వచ్చే ఏడు పిల్లలకి సిద్ధం చేస్తుంది. ముప్పై ఏళ్లలో రెండో కాపీ కొనలేదు. ప్యాసేజీలేమన్నా పాచిపోతాయా అని ఆవిడ వాదన.

వదిన అంటే మా వారి అక్క. బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై, రెండు వీధుల అవతల ఉంటోంది. నేను పిలవలేదు. మా వారు పిలిచారు.

కారణం మా అమ్మాయి. పదో తరగతి. ఇంగ్లీషులో మొదటి పరీక్షలో ఇరవై ఎనిమిది, రెండో దానిలో ముప్పై ఒకటి. ప్రీఫైనల్లో నలభై రాకపోతే ఫైనల్ పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వరట. బడికి నూరు శాతం ఫలితాలు కావాలి. ఆ నూరులో చేరని వాళ్లు ఇంట్లో కూర్చుని మరుసటి ఏడు మళ్లీ రావాలి. అంటే పిల్లకి ఏడాది పోతుంది. ఇరవై నాలుగు రోజులు చేతిలో ఉన్నాయి.

"అక్క చూసుకుంటుంది. నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నారు మా వారు.

పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన నిజం కావడం నేనెప్పుడూ చూడలేదు.

వదిన రోజూ ఐదింటికి వచ్చేది. చెప్పులు విప్పగానే ఫ్రిజ్ మీద ఒక వేలు రాసి చూసుకుని, అప్పుడు భోజనాల బల్ల దగ్గర కూర్చునేది.

"ఏమ్మా, నువ్వు లోపలే ఉండు. నీ ఉచ్చారణ పిల్ల చెవిన పడకూడదు," అంది మొదటి రోజే.

"టీ అయినా ఇవ్వచ్చా వదినా, నోరెత్తకుండా?"

"చక్కెర తగ్గించి."

పది రోజులు అలాగే గడిచాయి. పిల్లకి ప్రతి ప్యాసేజీలోనూ ఇరవైకి పంతొమ్మిది, ఇరవై. వదిన ఆ మార్కులు తమ్ముడికి చూపించి, తల తిప్పకుండా నాకు వినిపించేలా అనేది. "తెలివికేం లోటు లేదురా పిల్లకి. చెప్పేవాళ్లు లేక ఇన్నాళ్లు పాడైంది." మా వారు పేపరు వెనక తల ఊపేవారు. ఆ పేపర్లో ఆ రోజు ఏముందో అడిగితే ఒక్క ముక్క చెప్పలేరు.

పదకొండో రోజు టీ తీసుకెళ్లేసరికి వదిన ఫోన్లో మాట్లాడుతోంది. మా అమ్మాయి పుస్తకాన్ని కిటికీ వైపు వాల్చి, ఖాళీ గీతల మీద బొటనవేలు మెల్లగా నడుపుతోంది. వంటింట్లో గిన్నెకి సొట్ట ఎక్కడుందో వెతికేటప్పుడు నేనూ అలాగే తడుముతాను.

అప్పుడు రాసిన జవాబు చూశాను. ప్యాసేజీలో దీపస్తంభం కాపలావాడు ఒంటరిగా ఉంటాడు. ఓడ వస్తోందని అతనికెలా తెలిసిందని ప్రశ్న. 'అతని భార్య చెప్పింది' అని మా అమ్మాయి రాసింది. మూడు పేరాలు చదివాను. భార్య కాదు కదా, పిల్లి కూడా లేదు.

వదిన వెళ్లేటప్పుడు పుస్తకం మా ఇంట్లోనే వదిలేది. మర్నాడు పిల్ల బడికెళ్లాక పెన్సిల్ అడ్డంగా పట్టుకుని ఆ పేజీ మీద తేలిగ్గా నల్లగా పులిమాను. చెరిపేసిన జవాబులన్నీ తెల్లగా పైకి తేలాయి. ముప్పై ఏళ్లుగా రాసిన పిల్లలు, ఒకరి మీద ఒకరు. అందరికన్నా గట్టిగా నొక్కి రాసిన చేతిరాత నాకు బాగా తెలిసినదే. ఇంటి సరుకుల చీటీ మీద రోజూ చూస్తాను. ఆ జవాబులో భార్యను పెట్టింది మా వారే. పదిహేనేళ్లకే ఆయనకి తెలుసన్నమాట, ఏ సంగతైనా భార్య చెబితేనే మగవాడికి తెలుస్తుందని.

మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను.

"నేను మొదలెట్టలేదమ్మా. జవాబులు అప్పటికే ఉన్నాయి," అంది.

"ప్యాసేజీ చదివావా?"

"చదివితే ఏముంటుంది అందులో? ఓడ. అది వస్తే నాకేం, రాకపోతే నాకేం?"

సాయంత్రం వదినకి పేజీ చూపించాను. ఆవిడ ముందు చూసింది పిల్ల చేసిన పనిని కాదు.

"నా పుస్తకం మసి చేశావా?"

"మీ పాఠం బయటపడింది వదినా. పది రోజులుగా పిల్ల చదివింది ఇంగ్లీషు కాదు, సొట్టలు."

"పిల్ల దొంగదారి పట్టిందంటే అది పెంపకం. మార్కులొస్తే చదువు. ఆ రెండూ కలపకు."

"అంటే మార్కులు మీవి, దొంగతనం నాది."

"ఒరేయ్ తమ్ముడూ, వింటున్నావా?"

మా వారు వింటున్నారు. అందుకే చెప్పులు వేసుకుంటున్నారు.

"అంత తెలిసినదానివి కొత్త ప్యాసేజీ నువ్వే రాసియ్యి. ప్రశ్నలతో సహా. రేపు ఐదింటికి నా ముందు ఉండాలి," అంది వదిన.

రాశాను. గిన్నెలు తోమడం అయ్యాక, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక పేజీ ఇంగ్లీషు. ఒక పెద్దావిడ రోజూ తమ్ముడింటికి వస్తుంది. ఫ్రిజ్ మీద వేలు రాసి, ఆ వేలిని వెలుతురులో చూసుకుంటుంది. కింద ప్రశ్నలు. ఆమె వేలిని ఎందుకు చూసుకుంది? దుమ్ము కనిపిస్తే ఆమెకు సంతోషమా, కనిపించకపోతేనా? మీ సొంత మాటల్లో జవాబు రాయుము.

మా అమ్మాయి మొదటి పేరా చదివి ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది. మూడోసారి పెదవి కొరుక్కుంటూ చదివింది.

"ఇది అత్తే కదా?"

"ప్యాసేజీలో అత్త అని ఎక్కడుంది? ఉన్నదే రాయి."

జవాబులు వంకరగానే ఉన్నాయి, వాక్యాలు కుంటుతున్నాయి. కానీ నిఘంటువు నాలుగుసార్లు తనంతట తనే తీసింది. వదిన కాగితం అందుకుని నా ఇంగ్లీషులో ఏడు తప్పులు ఎర్రగా దిద్ది, అడుగున రాసింది. భాష పదికి మూడు, సంస్కారం సున్నా.

మర్నాడు తన ప్యాసేజీ తెచ్చింది. ఒక గృహిణి ఇంటికొచ్చిన వాళ్లకి చల్లారి, మీగడ కట్టిన టీ ఇస్తుంది. వాళ్లు త్వరగా లేచిపోతారు. ఆమె అసలు ఉద్దేశమేమిటి? అలా ఎందుకు అనుకుంటున్నావు, ప్యాసేజీలోంచి రెండు ఆధారాలు చూపు.

పిల్ల రెండు అడిగితే మూడు చూపింది.

అక్కణ్ణుంచి వంతులు పడ్డాయి. ఒకరోజు నాది, ఒకరోజు వదినది. రాసినవాళ్లు దిద్దకూడదని మా అమ్మాయే షరతు పెట్టింది, మా ఇద్దరి న్యాయం మీద దానికున్న నమ్మకం అంత. ఆవిడ నా చెవిన పడాలని రాసేది, నేను ఆవిడ కంట పడాలని రాసేదాన్ని. గ్రామరూ అలాగే నడిచింది. నిన్న అత్తకీ అమ్మకీ మధ్య జరిగిన సంభాషణను పరోక్ష వాక్యాల్లోకి మార్చుము. అంతకుముందు దానికి ఎంత చెప్పినా ఎక్కని గ్రామరు, ఎవరు ఎవరిని ఏమన్నారనేది పోగొట్టకూడదన్న పట్టుదలతో నాలుగు రోజుల్లో ఎక్కింది. ఐదింటికి పదినిమిషాల ముందే బల్ల దగ్గరకొచ్చి కూర్చునేది. "ఇవాళ ఎవరిది?" అని అడిగేది, మ్యాచ్ చూడ్డానికొచ్చినట్టు.

ఇంట్లో మాత్రం గాలి ఆడలేదు. వదిన, నేను కాగితం మీద తప్ప మాట్లాడుకోవడం మానేశాం. టీ నిజంగానే చల్లారింది.

ప్రీఫైనల్‌కి ఐదు రోజులుండగా వదిన ఇచ్చిన ప్యాసేజీ చిన్నది. ఒక అమ్మాయి కాలేజీలో ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కింది. పెళ్లిచూపుల్లో మాత్రం ఫస్ట్ క్లాస్ అని చెప్పారు. ఇప్పుడామె తన కూతురికి ఇంగ్లీషు నేర్పుతోంది.

ఎనిమిదేళ్ల కిందట ఒక బళ్లో ఉద్యోగానికని నా మార్కుల పత్రాలు వదిన చేతికిచ్చాను. ఆ ఉద్యోగం రాలేదు. పత్రాలు తిరిగొచ్చాయి. చూసిన సంగతి ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఎనిమిదేళ్లు, ఒక్క మాట జారకుండా. అంతటి నిగ్రహం నాకుంటే మొదటిసారే పాసయ్యేదాన్ని.

మా అమ్మాయి చదివింది. తలెత్తి నన్ను చూసింది. మళ్లీ దించి రాయడం మొదలుపెట్టింది. చివరి ప్రశ్నకి ప్యాసేజీలో జవాబు లేదు. ఆమె ఈ సంగతి ఎందుకు దాచింది? నీ అభిప్రాయం రాయుము. అభిప్రాయం అనేసరికి గీతలు ఖాళీగా వదిలేసే పిల్ల, ఆరు వరసలు రాసింది.

దిద్దాల్సింది నేను. పరీక్ష తప్పినందుకు ఆమె సిగ్గుపడలేదని, తప్పిన సంగతి ఎవరి చేతిలో పడుతుందోనని భయపడిందని, ఆ భయం నిజమేనని ఈ ప్యాసేజీ రుజువు చేస్తోందని రాసింది. ఒక్క తప్పు లేదు. పదికి పది వేశాను. నా చేత్తో.

వదిన తీసుకుని చదివింది. చాలాసేపు చదివింది.

"చివరి వాక్యం ప్రశ్నలో అడగలేదు," అంది.

"మార్కులు వేసేది నేను కదా వదినా."

రాత్రి భోజనాల దగ్గర ఆ కాగితం మా వారి కంట పడింది.

"మూడుసార్లు తప్పావా?" అన్నారు.

"రెండుసార్లు. మూడోసారి పాసయ్యాను. సరిగ్గా చదవండి."

ప్రీఫైనల్ అయింది. వారానికి బడి నుంచి ఫోను. మా అమ్మాయికి యాభై తొమ్మిది వచ్చాయి. హాల్ టికెట్ మాత్రం ఆపారు. తల్లిదండ్రులు వచ్చి కలవాలి.

మా వారికి ఆఫీసులో తప్పనిసరి పని పడింది. నేను బయల్దేరేసరికి గేటు దగ్గర వదిన నిలబడి ఉంది.

"నేనూ వస్తాను. నువ్వొక్కదానివీ వెళ్తే ఇంగ్లీషులో మాట్లాడతావు."

ఆటోలో ఆ చివర ఆవిడ, ఈ చివర నేను, మధ్యలో పిల్ల. "నీ కూతురి జవాబుల్లో నీ వెటకారం దిగింది. అందుకే వాళ్లకి అనుమానం," అంది వదిన, రోడ్డు వైపు చూస్తూ. "నిజాయితీ దిగలేదులెండి, అది ఏ పక్కనుంచీ వచ్చే వీల్లేదు," అన్నాను నేను, ఇంకో రోడ్డు వైపు చూస్తూ.

ప్రిన్సిపాల్ గారే పదో తరగతికి ఇంగ్లీషు చెబుతారు. బల్ల మీద జవాబుపత్రం పెట్టుకుని కూర్చున్నారు.

"ఇరవై ఎనిమిది, ముప్పై ఒకటి, యాభై తొమ్మిది. మూడు వారాల్లో. ప్యాసేజీలో పూర్తి మార్కులు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నానండీ, ఇలా ఎప్పుడూ చూడలేదు."

"నేను ముప్పై నాలుగేళ్లు చెప్పాను. మీరు చూడకపోవడం పిల్ల తప్పెలా అవుతుంది?" అంది వదిన.

ఆ గొంతు నా మీదికి కాకుండా వేరే మనిషి మీదికి పోవడం పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి వినడం. దూరం నుంచి బాగానే ఉంది.

"కాపీ కొట్టిందని నేను అనడం లేదు," అన్నారు ఆయన.

"అనకుండానే హాల్ టికెట్ ఆపారు," అన్నాను నేను.

ఆయన బల్ల మీద కాగితాల దొంతరలోంచి పైదొకటి తీసి మా అమ్మాయి ముందుకి తోశారు. హాల్ టికెట్లు ఆపిన పిల్లల ఇళ్లకు పంపడానికి బడి అచ్చువేయించిన ఉత్తరం. పేజీన్నర ఇంగ్లీషు.

"ఇది నువ్వు ముందు చూసి ఉండవు. చదివి, దీని ఉద్దేశమేంటో నాలుగు వాక్యాలు రాయి. ఇప్పుడే, ఇక్కడే. సరిగ్గా ఉంటే టికెట్ ఇస్తాను. లేదంటే వచ్చే ఏడాది చూద్దాం."

పిల్ల మొహం పాలిపోయింది. కాగితం అందుకుంది. వదిన చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకుంది. నేను నా సంచి వార్లు పట్టుకున్నాను. ఇద్దరం సాయం చేయడానికి వీల్లేని ప్యాసేజీ అదొక్కటే.

ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. మూడోసారికి పెదవి కొరుక్కుంది. అది చూసి నేను ఊపిరి తీసుకున్నాను.

"సార్, ఇందులో ఉన్నదే రాయాలా, నాకు అర్థమైంది రాయాలా?"

"నీకు అర్థమైందే రాయమ్మా. సొంత మాటల్లో."

పది నిమిషాల తర్వాత ఆయన కాగితం అందుకుని పైకి చదవడం మొదలుపెట్టారు, తప్పులు మాకు వినిపించాలని. "ఈ ఉత్తరం పిల్లల మేలు కోసమని నాలుగుసార్లు చెబుతుంది. ఆ మేలు ఏమిటో ఒక్కసారీ చెప్పదు. ఫలితాలు అనే మాట మొదటి పేరాలోనూ, చివరి పేరాలోనూ..."

అక్కడ ఆపి, మిగతాది మనసులో చదువుకున్నారు.

"ఆపేశారేం సార్? ఇంగ్లీషులో ఏమన్నా తప్పుందా?" అంది వదిన.

"తప్పు లేదు."

"ఉత్తరంలో లేనిదేమన్నా రాసిందా?" అన్నాను.

ఆయన చేత్తో పట్టుకున్న కాగితాన్ని బోర్లించి బల్ల మీద పెట్టారు. ఆ మిగతా వాక్యాలు నాకు పిల్ల తర్వాత చెప్పింది. ఉత్తరం రాసినవాళ్లకి భయంగా ఉందట, ఆ భయాన్ని తల్లిదండ్రులకి బట్వాడా చేస్తున్నారట. ఏడాదంతా ఇంట్లో ఉండబోయే పిల్లకి బడి ఏం నేర్పుతుందో మాత్రం ఎక్కడా లేదట.

ప్రిన్సిపాల్ సొరుగు లాగి హాల్ టికెట్ తీశారు. దాంతోపాటు ముట్టినట్టు సంతకం చేయాల్సిన కాగితం, రెండు పేజీలు, సన్నటి అక్షరాలు.

వదిన నా వైపు వంగింది. "ముప్పై నాలుగేళ్ల శిక్షణ," అంది నెమ్మదిగా.

"మూడు వారాల తిట్లు," అన్నాను అంతకన్నా నెమ్మదిగా.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఊరికే ఫార్మాలిటీ. అందరూ పెట్టేదే," అన్నారు ఆయన, పెన్ను మూత తీసి అందిస్తూ.

"చదివి పెడతాను సార్," అంది మా అమ్మాయి. కుర్చీ బల్ల దగ్గరకి లాక్కుని మొదటి పేజీ మొదలుపెట్టింది. బయట గంట కొట్టారు. మేం ముగ్గురం ఎవరి మొహం వాళ్లం వేరే దిక్కు తిప్పుకుని కూర్చున్నాం. చాలాసేపటికి మా అమ్మాయి పేజీ తిప్పి, రెండోది పైనుంచి చదవసాగింది.