సున్నా మీద పది

నడుము లోతు నీళ్ళలో నిలబడి చెరువు కావలి ప్రభుదాసు కొలతరాయి మీది నాచును బొటనవేలితో గీకుతున్నాడు. ఆయన దగ్గితే జెల్లచేపలు మీసాలు దువ్వుకుని వరుసలో నిలబడతాయని ధర్మసాగర్ దారిలో చెప్పుకునేవారు. మనిషి నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. పాదాలు మాత్రం ఏడాది పొడవునా నానిన అటుకుల్లా తెల్లగా ఉండేవి. పెళ్ళినాడు కూడా చెరువు చూసొచ్చాకే చర్చికి పోయాడట. అందాకా పాదిరిగారు ఉన్న పాటలన్నీ రెండేసిసార్లు పాడించారు.

రాత్రంతా వాన. నీళ్ళు పదో గీతను ముట్టాయి. పదికి తూము ఎత్తకపోతే కట్ట తెగుతుంది. కింద సమ్మమ్మ గుడిసె, నాటేసిన మడులు అన్నీ పోతాయి. సుబేదారిలోని నీటిపారుదల ఆఫీసు మాట లేనిదే తూము ముట్టకూడదు.

తడిబట్టలతోనే తూముగదిలోని ఫోను తిప్పాడు.

"సున్నా మీద పది, బిడ్డా."

ఎప్పుడూ అదే వరస. ముందు కొలతరాయి మీది సున్నా గీతను తలుచుకుని, నీళ్ళు దానికి మీదనో కిందనో చెప్పేవాడు. అవతల ఆఫీసులో సుశీల కొత్త కంప్యూటరులో ముందు సున్నా, తర్వాత పది కొట్టింది. ఎండాకాలం 'సున్నా కింద రెండు' అంటే రెండుకు ముందు అడ్డగీత పెట్టేది.

"ఎనిమిదంటాంది పెద్దనాయినా. తూము ఎత్తొద్దంట."

"నేను నీళ్ళల్ల నిలబడి వచ్చిన. నీ డబ్బ ఏడ నిలబడ్డది?"

సుశీల నవ్వింది గానీ ఫోను పెట్టలేదు. సున్నా తీసేసి ఉత్త పది కొట్టింది. పదే వచ్చింది. మళ్ళీ సున్నా చేర్చింది. ఎనిమిది.

"ముందల సున్నా ఉంటే కంప్యూటరుల రాసిపెట్టిన మన షెల్ స్క్రిప్టు పదుల లెక్క ఇడిసి ఎనిమిదుల లెక్కల చదువుతాంది, ఒకటి పక్కన సున్నా అంటే దానికి ఎనిమిదే. ఏడు దాక రెండు లెక్కలు ఒక్కటే, గందుకే నిన్న తెల్వలే. జర ఆగు, సారుకు చెప్పొస్త."

ఆయన ఆగాడు. కట్ట మీద మట్టిపెళ్ళలు జారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎత్తుమంటాండు."

"పాపం, దానికి ఎనిమిదే వేళ్ళున్నయేమో. తిట్టకు బిడ్డా."

తూము లేచిన హోరుకు కాజీపేట స్టేషనులో రైలొచ్చిందనుకుని ఇద్దరు మూటలు నెత్తికెత్తుకున్నారట. మధ్యాహ్నానికి నీళ్ళు పదో గీత కిందికి దిగాయి. సమ్మమ్మ గుడిసెలో పొయ్యి వెలిగింది.

ఆమె మక్కజొన్న పిండితో కాచిన గడక గిన్నె పట్టుకుని కట్టెక్కింది. ప్రభుదాసు గోడకు ఒరిగి, చెరువు వైపే ముఖం పెట్టి ఉన్నాడు.

"లే అన్నా, గడక సల్లారుతాంది."

చెయ్యి ముట్టుకుని చూసింది, చల్లగా బిగుసుకుపోయింది. ఇంక లేపలేదు. పక్కనే కూర్చుంది.

జారకుండా తూము చక్రానికి ఆయన చుట్టిన ఎర్రగళ్ళ తువ్వాలు నుంచి నీళ్ళు ఇంకా ఒక్కొక్క చుక్కే రాలుతున్నాయి.